లినక్స్‌లో కెమెరాలు, కార్డ్ రీడర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఆదేశాల పేర్లను పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, ఆర్చ్ అనే డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఏది వాడుతున్నా ఇక్కడున్న సంగతులు దాదాపుగా అన్నిటికీ వర్తిస్తాయి. ప్యాకేజీల పేర్లలో మాత్రం అక్కడక్కడ చిన్న తేడాలుంటాయి.

నా కెమెరాకి లినక్స్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా దొరకదు, ఎందుకంటే దాని అవసరమే లేదు. కెమెరా కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ వేరే సిస్టమ్‌ల కోసం చేసింది, దాన్ని పక్కన పెట్టేయండి. యూఎస్‌బీ కేబుల్ పెట్టినప్పుడు కెమెరా కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు ప్రధానంగా రెండే. మొదటిది మాస్ స్టోరేజ్. ఇందులో కెమెరా తనను ఒక పెన్‌డ్రైవ్‌గా చూపించుకుంటుంది. రెండోది పీటీపీ, అంటే పిక్చర్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. ఇందులో కెమెరా కార్డుని నేరుగా అప్పగించదు. ఏ ఫైళ్లున్నాయో జాబితా చెబుతుంది, అడిగిన ఫైలుని మాత్రమే పంపుతుంది. ఇది ఐఎస్ఓ 15740 అనే ప్రమాణం. ఫోన్లు వాడే ఎంటీపీ దీన్నుంచి పుట్టిందే.

మాస్ స్టోరేజ్ పని కెర్నల్, అంటే లినక్స్ మూల భాగం, చూసుకుంటుంది. పీటీపీ పనిని లిబ్‌జీఫోటో2 అనే లైబ్రరీ చూసుకుంటుంది, ఇది 2500కి పైగా కెమెరా మోడళ్లను గుర్తిస్తుంది. డెస్క్‌టాప్ డిస్ట్రోలన్నిటిలో ఇది దాదాపుగా ముందే ఉంటుంది. కింద వచ్చే సమస్యల్లో సగానికి మూలం ఒకటే: కెమెరా పీటీపీలో ఉంటే దాన్ని డిస్కు అనుకుని వెతకడం, లేదా డిస్కుగా ఉంటే కెమెరా అనుకుని వెతకడం.

మరి నాది ఏ పద్ధతిలో ఉందో తెలిసేదెలా?

ముందు కెమెరా మెనూలో యూఎస్‌బీ కనెక్షన్ అనే అంశం ఉందేమో చూడండి. సోనీ కెమెరాల్లో మాస్ స్టోరేజ్, ఎంటీపీ, పీసీ రిమోట్ అంటూ ఎంచుకునే వీలుంటుంది. పాత నికాన్ మోడళ్లు కొన్నిటిలోనూ ఈ ఎంపిక ఉండేది. కానన్ ఈఓఎస్‌లలో ఉన్నది పీటీపీ ఒక్కటే, అక్కడ వెతికి లాభం లేదు.

మెనూలో తేలకపోతే కేబుల్ పెట్టి, ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టండి. కార్డు సైజుకి సరిపడే కొత్త డిస్కు, ఎస్‌డీబీ లాంటి పేరుతో, కనబడితే అది మాస్ స్టోరేజ్. అక్కడ ఏమీ లేకుండా ఎల్ఎస్‌యూఎస్‌బీ జాబితాలో మాత్రం కెమెరా పేరు ఉంటే అది పీటీపీ. అప్పుడు ఆ లైబ్రరీని టెర్మినల్ నుంచి వాడే జీఫోటో2 ప్రోగ్రాముని ఆటో డిటెక్ట్ ఆప్షన్‌తో నడిపితే మోడల్ పేరు, పోర్టు రెండూ చెప్తుంది.

కేబుల్ పెట్టాను, ఏమీ జరగట్లేదు.

టెర్మినల్ తెరిచి, కెర్నల్ సందేశాలు చూపే డీమెస్గ్‌ని ఫాలో ఆప్షన్‌తో నడపండి (సుడో, అంటే అడ్మిన్ హక్కులు, అడగొచ్చు), తర్వాత కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. కొత్త యూఎస్‌బీ పరికరం వచ్చిందంటూ ఒక్క వరుసైనా పడాలి. అదీ పడకపోతే సమస్య లినక్స్ దాకా రానే లేదన్నమాట. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంత గెలికినా వృథా.

అప్పుడు మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలుండవు, పైకి చూస్తే తేడా తెలియదు. తర్వాత కెమెరా ఆన్‌లో ఉందో లేదో చూడండి. బ్యాటరీ ఆదా కోసం తనంతట తాను ఆఫ్ అయిపోయి ఉండొచ్చు. కొన్ని కెమెరాలు ఫొటోలు చూసే మోడ్‌లో ఉంటేనే కనెక్ట్ అవుతాయి. ఇంకొన్నిటిలో వైఫై ఆన్ చేసి ఉంటే యూఎస్‌బీ పనిచేయదు, ఇది చాలామందికి తట్టదు. చివరగా, హబ్ మధ్యలో ఉంటే తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టుకే పెట్టి చూడండి.

యూఎస్‌బీ పరికరాన్ని క్లెయిమ్ చేయలేకపోయానని జీఫోటో2 అంటోంది. కెమెరా పాడైందా?

లేదు. కెమెరాని ఇంకెవరో ముందే పట్టుకున్నారు, అంతే. మీరు కేబుల్ పెట్టగానే గ్నోమ్ డెస్క్‌టాప్‌లోని జీవీఎఫ్ఎస్ అనే సేవ కెమెరాని మౌంట్ చేసి (సిస్టమ్‌కి కలిపి), ఫైల్ మేనేజర్‌లో చూపిస్తుంది. పీటీపీ కెమెరా ఒకసారికి ఒక్క ప్రోగ్రాముతోనే మాట్లాడుతుంది కాబట్టి రెండోది ఖాళీ చేతులతో వెనక్కి రావాల్సిందే. ఫైల్ మేనేజర్‌లో కెమెరా పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. అయినా వదలకపోతే జీవీఎఫ్ఎస్ జీఫోటో2 వాల్యూమ్ మానిటర్ అనే ప్రాసెస్‌ని ఆపేయండి. మళ్లీ లాగిన్ అయితే అది తిరిగి వస్తుంది, నష్టమేమీ లేదు.

షాట్‌వెల్, డిజికామ్, ఎంటాంగిల్, డార్క్‌టేబుల్ వంటి ఫొటో ప్రోగ్రాముల్లో ఏది వాడినా ఇదే గొడవ. రెండు తెరిచి ఉంచితే ఒకటి ఫిర్యాదు చేస్తుంది.

నా కెమెరా మోడల్ జీఫోటో2 జాబితాలో లేదు.

పీటీపీ తెలిసిన కెమెరా అయితే పేరు తెలియకపోయినా "యూఎస్‌బీ పీటీపీ క్లాస్ కెమెరా" అన్న సాధారణ పేరుతో పట్టుకుంటుంది. ఫొటోలు దించుకోవడానికి అది చాలు. షట్టర్ వేగం, ఐఎస్ఓ వంటివి కంప్యూటర్ నుంచి మార్చాలంటే మాత్రం ఆ మోడల్‌ని లైబ్రరీ గుర్తించాలి. కెమెరా కొత్తదీ, డిస్ట్రో పాతదీ అయితే లిబ్‌జీఫోటో2 కొత్త వెర్షన్ వేసుకోవడమే మందు.

సుడో పెడితేనే కెమెరా కనిపిస్తోంది.

అది అనుమతుల సమస్య. సుడోతో ఫొటోలు దించుకుంటే ఆ ఫైళ్లన్నీ రూట్ (అడ్మిన్) పేరు మీద పడి, తర్వాత వాటిని మార్చాలన్నా చెరపాలన్నా ఇంకో తలనొప్పి. మామూలుగా యూడెవ్ (పరికరాలను చూసుకునే సేవ) నియమాలు, లాగిన్ అయి కూర్చున్న వాడుకరికి కెమెరా మీద హక్కు ఇస్తాయి. అది జరగట్లేదంటే లిబ్‌జీఫోటో2తో వచ్చే యూడెవ్ నియమాల ఫైలు ఇన్‌స్టాల్ అయి ఉండకపోవచ్చు, లేదా మీరు ఎస్ఎస్‌హెచ్ ద్వారా, అంటే వేరే కంప్యూటర్ నుంచి, లాగిన్ అయి ఉండొచ్చు. ఆ నియమాల ప్యాకేజీ వేసి, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. పాత డెబియన్, ఉబుంటుల్లో వాడుకరిని ప్లగ్‌డెవ్ గ్రూపులో చేర్చాల్సివచ్చేది. ఇప్పుడు డెస్క్‌టాప్‌లో లాగిన్ అయిన వాళ్లకి ఆ అవసరం రాదు.

స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వేసుకున్న ప్రోగ్రాము ఒక్కటే కార్డుని చూడలేకపోతుంటే కారణం వేరు. దానికి రిమూవబుల్ మీడియా అనే అనుమతి విడిగా ఇవ్వాలి.

కేబుల్ మంచిదా, కార్డ్ రీడర్ మంచిదా?

నన్నడిగితే రీడరే. కెమెరా బ్యాటరీ ఖర్చవదు, మధ్యలో ఆఫ్ అయిపోతుందన్న భయం ఉండదు, మాటలన్నీ కెర్నల్‌కీ డిస్కుకీ మధ్యే జరుగుతాయి. వేగంలోనూ తేడా ఉంది. చాలా కెమెరాల పోర్టు యూఎస్‌బీ 2.0, అంటే సెకనుకి 480 మెగాబిట్లు. చేతికొచ్చేది సెకనుకి 30, 40 మెగాబైట్లు. యూహెచ్ఎస్ అనే వేగ ప్రమాణంలో యూహెచ్ఎస్-1 కార్డు 104 మెగాబైట్ల దాకా, రెండో వరస పిన్నులున్న యూహెచ్ఎస్-2 కార్డు 312 దాకా వెళ్లగలవు. అయితే రీడర్ యూఎస్‌బీ 3 అయి ఉండాలి, యూహెచ్ఎస్-2 పిన్నులూ అందులో ఉండాలి. లేకపోతే ఖరీదైన కార్డు కూడా మామూలు కార్డులాగే నడుస్తుంది.

కంప్యూటర్ నుంచి షట్టర్ నొక్కాలన్నా, కార్డు తలుపు తీయడానికి వీల్లేకుండా కెమెరా స్టాండ్ మీద బిగించి ఉన్నా కేబుల్ తప్పదు.

రీడర్ పెడితే నాలుగు డ్రైవ్‌లు కనిపిస్తున్నాయి, అన్నీ ఖాళీ.

రకరకాల కార్డుల కోసం నాలుగైదు స్లాట్‌లున్న రీడర్లలో ఒక్కో స్లాట్ ఒక్కో డిస్కుగా కనిపిస్తుంది. కార్డు లేని వాటి సైజు సున్నా చూపిస్తుంది, మౌంట్ చేయబోతే మీడియా లేదంటుంది. అది తప్పు కాదు. కార్డు పెట్టిన స్లాట్ కూడా సున్నాయే చూపిస్తుంటే, కొన్ని చవక రీడర్లు కార్డు వచ్చిన సంగతి కంప్యూటర్‌కి సరిగ్గా చెప్పవని గుర్తుంచుకోండి. ముందు కార్డుని రీడర్‌లో పెట్టి, ఆ తర్వాత రీడర్‌ని కంప్యూటర్‌కి పెట్టండి. మొరటు వైద్యమే గానీ బాగా పనిచేస్తుంది.

ఒకప్పుడు దీనికి తిరగేసిన సమస్య ఉండేది. కెర్నల్ మొదటి స్లాట్‌ని మాత్రమే చూసి ఆగిపోయేది. మిగతావి కనబడాలంటే స్కజీ పరికరాల్లోని అన్ని లన్‌లనూ (ఇక్కడ ఒక్కో స్లాట్ ఒక్కో లన్) వెతకమనే ఆప్షన్‌తో కెర్నల్‌ని కంపైల్ చేయాల్సివచ్చేది. ఇప్పటికీ కొన్ని పాత సలహాల్లో అది కనిపిస్తుంది, పట్టించుకోకండి.

ల్యాప్‌టాప్‌లోనే ఉన్న స్లాట్ పనిచేయట్లేదు.

లోపల పీసీఐకి కలిపిన స్లాట్ అయితే కార్డు పేరు ఎస్‌డీబీ అని రాదు, ఎంఎంసీబీఎల్‌కే0 అని వస్తుంది. దాని మొదటి పార్టిషన్ పేరు చివర పీ1 చేరుతుంది. ఎస్‌డీబీ కోసం వెతుకుతూ కార్డు రాలేదనుకునేవాళ్లు చాలామంది. రియల్‌టెక్ చిప్పులకు ఒకప్పుడు డ్రైవర్ విడిగా తెచ్చుకోవాల్సివచ్చేది, ఇప్పుడవి కెర్నల్‌లోనే ఉన్నాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో స్లాట్ ఖాళీగా ఉంటే రీడర్‌కి కరెంటే ఆపేస్తారు. అలాంటివాటిలో కార్డు పెట్టి రీస్టార్ట్ చేసి చూడండి. ఎల్ఎస్‌పీసీఐలో అప్పుడు రీడర్ ప్రత్యక్షమైతే కారణం తెలిసినట్టే.

పాత రీడర్‌లో కొత్త కార్డు చదవట్లేదు. స్లాట్‌లో సరిగ్గానే పడుతోంది కదా?

పడుతుంది, ఆకారం ఒకటే కాబట్టి. లోపల వేరు. మామూలు ఎస్‌డీ 2 జీబీ దాకా, ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ దాకా, ఎస్‌డీఎక్స్‌సీ 2 టీబీ దాకా. ఎస్‌డీహెచ్‌సీ ప్రమాణం వచ్చింది 2006లో. అంతకు ముందు చేసిన రీడర్ ఆ కార్డుల చిరునామా పద్ధతినే అర్థం చేసుకోలేదు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని మార్చలేదు. వేరే రీడర్ తెచ్చుకోవాల్సిందే.

ఎస్‌డీఎక్స్‌సీలో ఇంకో మెలిక ఉంది. ఆ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో (ఫైళ్లను అమర్చే పద్ధతి) వస్తాయి. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టాక లినక్స్ 5.4లో ప్రయోగాత్మకంగా ఒక డ్రైవర్ చేరింది. 2020లో వచ్చిన 5.7లో సామ్‌సంగ్ రాసిన మంచి డ్రైవర్ దాని స్థానంలోకి వచ్చింది. మీ కెర్నల్ 5.7 లేదా ఆ తర్వాతిదైతే కార్డు పెట్టగానే తెరుచుకోవాలి. తెలియని ఫైల్ సిస్టమ్ రకం అంటూ తిరస్కరిస్తే మీది పాత కెర్నల్ అని అర్థం. ఎక్స్‌ఫ్యాట్ ఫ్యూజ్ ప్యాకేజీ వేసుకుంటే గడిచిపోతుంది. కార్డుని పరీక్షించడానికి, బాగుచేయడానికి ఎక్స్‌ఫ్యాట్‌ప్రాగ్స్ ఉంచుకోండి.

కార్డు రీడ్ ఓన్లీ అంటోంది, ఫైళ్లు చెరపనివ్వట్లేదు.

ఎస్‌డీ కార్డు ఎడమ అంచున ఉండే చిన్న తాళం మీట కిందికి జారిందేమో చూడండి. విచిత్రం ఏంటంటే, ఆ మీట సంగతి కార్డు లోపలి చిప్‌కి తెలియదు. అదెక్కడుందో చూసేది రీడర్‌లోని చిన్న స్విచ్. అందుకే మీట సరిగ్గా ఉన్నా, రీడర్‌లోని స్విచ్ అరిగిపోతే లాక్ అనే చూపిస్తుంది. ఇంకో రీడర్‌లో పెడితే తేలిపోతుంది. మైక్రో ఎస్‌డీకి మీట ఉండదు గానీ దాని అడాప్టర్‌కి ఉంటుంది.

మీట బాగానే ఉంటే డీమెస్గ్ చదవండి. కిందటిసారి సరిగ్గా అన్‌మౌంట్ చేయలేదనీ, ఎఫ్ఎస్‌సీకే నడపమనీ రాసి ఉంటే, లేదా ఫైల్ సిస్టమ్‌లో తప్పు దొరికి కెర్నల్ తానే రాతకి అడ్డుపడితే, ముందు ఫొటోలు కాపీ చేసుకోండి. తర్వాత కార్డుని అన్‌మౌంట్ చేసి, పాత ఫైల్ సిస్టమ్ ఫ్యాట్‌కి ఎఫ్ఎస్‌సీకే డాట్ వీఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌కి ఎఫ్ఎస్‌సీకే డాట్ ఎక్స్‌ఫ్యాట్ నడపండి. ఈ వరస తిప్పకండి. బాగుచేసే ప్రోగ్రాము ఏది ఉంచాలో ఏది తీసేయాలో తానే తేల్చుకుంటుంది. ఇవేవీ పనిచేయకపోతే కార్డు ఆయుష్షు తీరి తనను తాను రాతకి మూసేసుకుని ఉండొచ్చు. అప్పుడు చదువుకోగలిగినంత చదువుకుని కొత్తది కొనడమే.

కాపీ అయిపోయింది. కార్డు పీకేయొచ్చా?

కార్డు నుంచి కంప్యూటర్‌కి కాపీ చేసుకుంటే ప్రమాదం తక్కువ. కంప్యూటర్ నుంచి కార్డుకి రాసినా, కార్డులోంచి చెరిపినా మాత్రం ఎజెక్ట్ నొక్కకుండా పీకొద్దు. లినక్స్ రాయాల్సిన డేటాని ముందు మెమరీలో పెట్టుకుని తర్వాత నెమ్మదిగా రాస్తుంది. తెర మీద వంద శాతం కనిపించినా కార్డు మీదికి అంతా చేరి ఉండకపోవచ్చు. రీడర్ దీపం వెలుగుతుంటే ఆగండి. టెర్మినల్‌లో పనిచేసేవాళ్లకి యూడిస్క్స్‌సీటీఎల్‌తో అన్‌మౌంట్ చేయడం తేలిక, సుడో అడగదు.

ఫొటోలు పొరపాటున చెరిపేశాను. వెనక్కి వస్తాయా?

చాలావరకు వస్తాయి, ఆ తర్వాత కార్డు మీద ఏమీ రాయకుండా ఉంటే. కాబట్టి మొదటి పని కెమెరాలోంచి కార్డు తీసేయడం. రెండోది తాళం మీట కిందికి జరపడం. ఇంకో ఫొటో తీసి చూద్దాం అన్న ఆలోచన రానివ్వొద్దు.

ఫ్యాట్‌లో ఫైలుని చెరపడమంటే దాని పేరులో మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పెట్టి, అది ఆక్రమించిన చోటుని ఖాళీ అని ప్రకటించడం. ఫొటో ఉన్నచోటే ఉంటుంది, దానిమీద మరొకటి రాసేదాకా. కెమెరాలో మామూలు ఫార్మాట్ చేసినా పట్టికలే కొత్తగా రాస్తుంది. కానన్ వంటి కెమెరాల్లో లో లెవల్ ఫార్మాట్ అని విడిగా ఉంటుంది. దానికి టిక్ పెట్టి ఫార్మాట్ చేసి ఉంటే ఆశ వదులుకోవాలి.

నేరుగా కార్డు మీద ప్రయత్నాలు చేయకండి. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో కార్డు మొత్తానికి ఒక ఇమేజ్ ఫైలు చేసుకోండి. కార్డు సైజంత ఖాళీ హార్డ్ డిస్కులో ఉండాలి. ఆదేశంలో మొదట వచ్చేది ఎక్కడినుంచి, రెండోది ఎక్కడికి, మూడోది మ్యాప్ ఫైలు. మొదటి రెండూ తారుమారు చేయకండి, ఎంటర్ నొక్కే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే చూసి డిస్కు పేరు సరిపోల్చుకోండి. పార్టిషన్‌ని కాకుండా మొత్తం డిస్కునే తీసుకోండి. కార్డు మధ్యలో మొరాయిస్తే ఆపేసి, అదే మ్యాప్ ఫైలుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆగినచోటి నుంచి కొనసాగుతుంది.

ఇప్పుడు ఆ ఇమేజ్ మీద క్రిస్టాఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ నడపండి. ముందు టెస్ట్‌డిస్క్ ప్రయత్నించండి. చెరిపిన ఫైళ్ల జాబితా దొరికితే పేర్లతో సహా వెనక్కి ఇస్తుంది. అది కుదరకపోతే ఫొటోరెక్. దానికి ఫైల్ సిస్టమ్‌తో పనిలేదు. జేపెగ్, రా (కెమెరా సెన్సర్ నుంచి నేరుగా వచ్చే) ఫైళ్లు ఎలా మొదలవుతాయో గుర్తుపట్టి ఏరుకుంటూ పోతుంది. అందుకే పేర్లు పోతాయి, ఎఫ్‌తో మొదలయ్యే అంకెల పేర్లతో ఫైళ్లు వరసగా పడతాయి. తేదీలు ఎగ్జిఫ్‌లో (ఫొటో లోపలే ఉండే వివరాలు) ఉంటాయి కాబట్టి తర్వాత సర్దుకోవచ్చు. వీడియోల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పెద్ద ఫైళ్లు కార్డులో ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్ వాటిని కలపలేదు.

రెండు కెమెరాల ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో వేస్తే కొన్ని మాయమయ్యాయి.

ఒకే పేరున్నవి ఒకదాన్నొకటి తొక్కేశాయి. డీసీఎఫ్ అనే ప్రమాణం ప్రకారం కెమెరాలన్నీ డీసీఐఎం ఫోల్డర్‌లోనే రాస్తాయి. ఫైలు పేరు నాలుగు అక్షరాలు, ఆపై 0001 నుంచి 9999 వరకు ఒక సంఖ్య. 9999 దాటితే మళ్లీ 0001. కాబట్టి ఒకే కెమెరాలోనూ ఏదో ఒక రోజు పేర్లు కలుస్తాయి. దించుకునేటప్పుడే తీసిన తేదీ, సమయంతో పేరు మార్చే అలవాటు చేసుకోండి. ర్యాపిడ్ ఫొటో డౌన్‌లోడర్ అచ్చంగా ఈ పని కోసమే. డిజికామ్ కూడా చేస్తుంది.

తీసిన సమయం కొన్ని గంటలు తేడాగా చూపిస్తోంది.

ఫైల్ మేనేజర్ చూపించే సమయాన్ని నమ్మకండి. ఫ్యాట్‌లో టైమ్ జోన్ రాసుకునే చోటే లేదు, అందుకే మౌంట్ చేసే సిస్టమ్ దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది. ఎగ్జిఫ్‌లోని తేదీని చూడండి. అదీ తప్పైతే కెమెరా గడియారమే తప్పు. ఎగ్జిఫ్‌టూల్ ఒక ఫోల్డర్‌లోని ఫొటోలన్నిటి తేదీలనూ ఒకేసారి అన్ని గంటలు ముందుకో వెనక్కో జరిపేస్తుంది.

రా ఫైళ్లు తెరుచుకోవట్లేదు.

దించుకోవడానికీ తెరవడానికీ సంబంధం లేదు. డార్క్‌టేబుల్, రాథెరపీ వాడండి. కొత్త కెమెరా అయితే వాటి కొత్త వెర్షన్ కావాలి. కానన్ సీఆర్3 ఫైళ్లతో పాత డిస్ట్రోల్లో ఈ ఇబ్బంది బాగా వస్తుంది.

కార్డుని కంప్యూటర్‌లో ఫార్మాట్ చేయొచ్చా?

చేయొచ్చు గానీ కెమెరాలోనే చేయండి. తనకు కావలసిన ఫోల్డర్లు, సరైన ఫైల్ సిస్టమ్ అది తానే పెట్టుకుంటుంది. కంప్యూటర్‌లో ఈఎక్స్‌టీ4 వేస్తే కెమెరా ఆ కార్డుని ముట్టుకోదు.

కెమెరాని వెబ్‌క్యామ్‌గా వాడొచ్చా?

కొత్త కెమెరాలు కొన్ని యూవీసీ (యూఎస్‌బీ వీడియో ప్రమాణం) మోడ్‌లో నేరుగా వెబ్‌క్యామ్‌గానే కనిపిస్తాయి, వాటికేమీ అక్కర్లేదు. మిగతావాటికి వీ4ఎల్2లూప్‌బ్యాక్ అనే కెర్నల్ మాడ్యూల్‌తో ఒక ఉత్తుత్తి వీడియో పరికరాన్ని సృష్టించి, జీఫోటో2 ఇచ్చే ప్రివ్యూని ఎఫ్ఎఫ్ఎంపెగ్ ద్వారా అందులోకి పంపాలి. వచ్చేది కెమెరా వెనక తెర మీద కనబడే చిత్రమే, పూర్తి రిజల్యూషన్ కాదు. వీడియో కాల్స్‌కి చాలు. కెమెరాలో ఆటో పవర్ ఆఫ్ తీసేయడం మర్చిపోవద్దు.

ఫోన్‌లోని ఫొటోలు?

ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టగానే చార్జింగ్ మోడ్‌లోకి వెళ్తుంది. తెర అన్‌లాక్ చేసి, నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. ఎంటీపీ మొండికేస్తే అక్కడే ఉన్న పీటీపీని ఎంచుకోండి. ఫొటోల వరకైతే అది తరచుగా సాఫీగా నడుస్తుంది. ఐఫోన్‌కి లిబ్‌ఐమొబైల్‌డివైస్, యూఎస్‌బీమక్స్‌డీ ప్యాకేజీలు కావాలి. కేబుల్ పెట్టాక ఫోన్ తెర మీద ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అని అడిగితే అవుననాలి. వచ్చే ఫైళ్లు హెచ్‌ఈఐసీ (ఐఫోన్ ఫొటో ఫార్మాట్) అయితే, అవి తెరుచుకోవడానికి లిబ్‌హీఫ్ వేసుకోండి.